ఎం87 ఫొటోలో జెట్ ఎందుకు కనబడదు?

కన్యారాశి గెలాక్సీల గుంపులో పెద్దది ఎం87. దాని కేంద్రకం నుంచి జెట్ అనే సన్నటి వెలుగు గీత బయటికి చాచుకుని ఉంటుంది. చాలామంది దాన్ని ఒకసారి ఫొటో తీసి, గుండ్రటి తెల్ల మచ్చ వచ్చిందని పక్కన పెట్టేస్తారు. సర్పిలాకార గెలాక్సీల్లోలా చేతులు లేవు, ధూళి చారలు లేవు, కాబట్టి చూడ్డానికేమీ లేదనుకుంటారు. నా లెక్కలో తప్పు గెలాక్సీది కాదు, స్ట్రెచ్‌ది (మసక వెలుగు కనబడేలా ఫొటో వెలుగును సాగదీయడం). దీని మధ్యభాగానికీ అంచులకీ వెలుగులో ఉన్న తేడా విపరీతం. ఒకే ఎక్స్‌పోజర్‌లో, ఒకే స్ట్రెచ్‌లో అన్నీ రావాలంటే రావు.

ముందు ఎక్కడుందో చూద్దాం. సింహరాశి తోక చివరి ఉత్తర ఫల్గుణి నుంచి కన్యారాశిలోని ఎప్సిలాన్ నక్షత్రానికి గీత గీస్తే, ఎం87 దాదాపు ఆ గీత మధ్యలో ఉంటుంది. క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరంగా ఉన్న దూరం) +12.4 డిగ్రీలు. అంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నరేఖ దాటేటప్పుడు 85 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, తిరుపతిలో అయితే నెత్తి మీదే. మార్చి నెలాఖరున అర్ధరాత్రి దాటాక, ఏప్రిల్ నెలాఖరున రాత్రి పదింటికి ఈ స్థితి వస్తుంది. యూరప్ వాళ్లకు లేని అదృష్టం ఇది, గాలిలోని దుమ్ము పొర బాగా తగ్గుతుంది. కాకపోతే డాబ్సోనియన్ (నేల మీది తిరుగుడు పెట్టెలో కూర్చునే టెలిస్కోపు) అంత నిట్టనిలువుగా ఉన్నప్పుడు పక్కకి తిప్పడం నరకం. గంట ముందో గంట తర్వాతో పట్టుకోండి. ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశంతో పాటు తిరిగే స్టాండు) ఉన్నవాళ్లు ట్యూబు ట్రైపాడ్ కాలికి తగలకుండా మెరిడియన్ ఫ్లిప్ (ట్యూబును మౌంట్ అవతలి వైపుకి మార్చడం) ముందే చేసుకోవాలి.

మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) 8.6 కాబట్టి ఊరి బయట 4 అంగుళాల టెలిస్కోపుకే తెలుస్తుంది. పక్కనే, దాదాపు 9 ఆర్క్‌మినిట్ల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌మినిట్) దూరంలో నైరుతి వైపు ఎన్‌జీసీ 4478 అనే చిన్న గెలాక్సీ ఉంటుంది. అది కనిపిస్తే సరైన చోటే ఉన్నట్టు.

ఇక జెట్. 1918లో లిక్ అబ్జర్వేటరీలో హీబర్ కర్టిస్ మొదట గమనించింది ఇదే, కేంద్రకం నుంచి బయల్దేరిన సన్నటి తిన్నని గీత. ఆకాశంలో దాని పొడవు సుమారు 20 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌మినిట్‌లో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌సెకండ్). ఎం87 దూరం 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు కాబట్టి ఒక ఆర్క్‌సెకండ్ అంటే అక్కడ 260 కాంతి సంవత్సరాలు, మొత్తం 5,000 పైచిలుకు. 8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్ (ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ.), 3.76 మైక్రాన్ల పిక్సెల్ కెమెరా అయితే ఒక పిక్సెల్‌కి 0.78 ఆర్క్‌సెకండ్ వస్తుంది. అంటే జెట్ మొత్తం 26 పిక్సెళ్లు! అంత చిన్న గీతను ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్లతో కాలిపోయిన కేంద్రకం పక్కన వెతికితే ఏం దొరుకుతుంది? 30 సెకండ్ల ఫ్రేములు తీసి, కేంద్రకం సంతృప్తం కాలేదని (పూర్తి తెలుపుకి చేరలేదని) హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుగు పంపిణీ గ్రాఫ్‌లో చూసుకుని, కనీసం 120 ఫ్రేములు స్టాక్ చేయాలి (ఒకదాని మీద ఒకటి కలపాలి). సీయింగ్ (గాలి నిలకడ) బాగాలేని రాత్రి అయితే ఆశ వదులుకోవచ్చు, గీత కేంద్రకం వెలుగులో కలిసిపోతుంది.

రంగు చాలా ముఖ్యం. గెలాక్సీ వెలుగంతా ముసలి నక్షత్రాలది, చాలామటుకు 1,000 కోట్ల ఏళ్లు దాటినవి, అందుకే పసుపు ఎరుపు ఛాయ. జెట్ వెలుగు నక్షత్రాలది కాదు. అయస్కాంత క్షేత్రంలో దాదాపు కాంతివేగంతో చుట్టలు తిరిగే ఎలక్ట్రాన్లు వెదజల్లే సింక్రోట్రాన్ కాంతి. అది ధ్రువితమై ఉందని 1956లో వాల్టర్ బాడే చూపించాడు. అది నీలంగా ఉంటుంది కనుక నీలం ఫిల్టర్‌లో (రంగుల కెమెరా అయితే నీలం ఛానెల్ ఒక్కదాన్నే తీసుకుని) కాంట్రాస్ట్ బాగా పెరుగుతుంది.

తర్వాత గెలాక్సీ వెలుగును తీసేయాలి. స్టాక్‌కి నకలు తీసి, దానికి 10–12 పిక్సెళ్ల వ్యాసార్ధంతో మీడియన్ ఫిల్టర్ (ప్రతి పిక్సెల్‌కీ చుట్టుపక్కల పిక్సెళ్ల మధ్య విలువ ఇచ్చేది) పెట్టి, అసలు దాంట్లోంచి తీసివేయండి. జెట్ సన్నగా ఉండటంతో మీడియన్‌లో మాయమవుతుంది, తీసివేతలో మిగులుతుంది. పశ్చిమ వాయవ్యంగా, ఎం84 అనే మరో గెలాక్సీ ఉన్న దిక్కుకి చూపిస్తుంటే అదే జెట్. కేంద్రకం నుంచి 12 ఆర్క్‌సెకండ్ల దగ్గర ఉన్న ముడి (జెట్‌లో వెలుగు ఎక్కువున్న చోటు) ముందుగా తేలుతుంది. కేంద్రకం చుట్టూ వచ్చే నల్లటి వలయం మాత్రం ఫిల్టర్ చేసిన పని, అదేదో కొత్త విశేషమని పోస్ట్ చేయకండి.

జెట్‌లోని ముడులు కాంతికి ఆరు రెట్ల వేగంతో కదులుతున్నట్టు హబుల్ చిత్రాల్లో కనిపించింది. నిజంగా కాంతిని మించడం లేదు, అలా కనిపిస్తుందంతే. లెక్క సులువే. 0.99 కాంతివేగంతో, మన చూపుకి 17 డిగ్రీల కోణంలో వచ్చే ముడి 10 ఏళ్లలో మన వైపు 9.47 కాంతి సంవత్సరాలు, పక్కకి 2.9 జరుగుతుంది. మొదట బయల్దేరిన కాంతికీ చివరి కాంతికీ మన దగ్గర తేడా 0.53 ఏళ్లే. చూసేవాడికి దాదాపు ఐదున్నర రెట్ల వేగం. ఆరు రెట్లు కనిపించాలంటే కోణం 19 డిగ్రీల లోపే ఉండాలి. అంటే జెట్ అసలు పొడవు మనకు కనిపించేదానికి మూడింతలకు తక్కువుండదు. అవతలి వైపు జెట్ కనబడకపోవడానికీ ఇదే కారణం, దూరంగా పోయే దాని వెలుగు మన దిక్కుకి బాగా తగ్గిపోతుంది.

ఆ మీడియన్ తీసివేతలోనే ఇంకొకటి ఉచితంగా వస్తుంది. చుట్టూ చుక్కల గుంపు కనిపిస్తే అవన్నీ మన నక్షత్రాలు కావు. ఎం87కి సుమారు 12,000 గోళాకార తారాగుచ్ఛాలున్నాయి (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపులు), మన పాలపుంతకి 150 పైచిలుకే. ప్రకాశవంతమైనవి 20వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి కాబట్టి చీకటి ఆకాశంలో కొన్ని గంటల స్టాక్ కావాలి. ఏ చుక్క ఏదో విడిగా చెప్పలేం. గెలాక్సీకి దగ్గరయ్యేకొద్దీ చుక్కల సాంద్రత పెరుగుతోందా అని లెక్కపెట్టాలి.

అంచుల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడికి పొడవాటి ఎక్స్‌పోజర్లు, శుభ్రమైన ఫ్లాట్లు (లెన్సు, సెన్సరు మీది మచ్చలు సరిచేయడానికి తీసే సమాన వెలుగు ఫ్రేములు) కావాలి. లోపల దాదాపు గుండ్రంగా ఉన్న గెలాక్సీ బయటికి పోయేకొద్దీ సాగుతుంది. అది గిరగిరా తిరగడం వల్ల వచ్చిన ఆకారం కాదు. నక్షత్రాలు అన్ని దిక్కులకీ సెకనుకి వందల కిలోమీటర్ల వేగంతో అడ్డదిడ్డంగా తిరుగుతుంటాయి. బ్యాక్‌గ్రౌండ్ ఆటోమేటిక్‌గా తీసే సాఫ్ట్‌వేర్ ఈ మసక వెలుగును సిటీ గ్లో (ఊరి దీపాల వెలుగు) అనుకుని తుడిచేస్తుంది. ఖాళీ ఆకాశం వెలుగును కొలిచే శాంపిల్ పాయింట్లు గెలాక్సీకి అర డిగ్రీ అవతల చేత్తో పెట్టుకోవాలి. కన్యారాశి గుంపులో అలాంటి ఖాళీ చోటు దొరకడమే కష్టం, ఎటు జరిగినా ఏదో ఒక గెలాక్సీ తగులుతుంది.