బురుజు దగ్గర నుంచి హంద్రీ దాకా

శనివారం రాత్రి, పదకొండు దాటింది. కాళ్లు లాగుతున్నాయి, పాప ఎప్పుడో పడుకుంది, నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. రేపటికి ఉంచితే సగం మర్చిపోతానని ఇప్పుడే రాసేస్తున్నా.

పొద్దున అంతా మామూలే. ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసి, బట్టలు ఆరేసి, పాప చేత లెక్కల హోంవర్క్ చేయించేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం ఐదున్నరకి మాత్రం కర్నూలు పాతూరికి బయల్దేరాం, దెయ్యాల నడకకి.

ఆ పేరు పెట్టింది మా కాలనీ సార్. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు, పుట్టి పెరిగింది పాతూర్లోనే. మేముండేది సి క్యాంపు వైపు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు వచ్చిన ఉద్యోగుల కోసం కట్టినవి ఈ క్యాంపులు. మూడేళ్లకే రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయినా క్యాంపు అనే పేరు మాత్రం పోలేదు. ఇక్కడి పిల్లలకి పాతూరంటే పండగ బట్టలు కొనుక్కునే చోటు, అంతే. అది సార్‌కి బాధ. వారం కిందట వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టారు: "శనివారం సాయంత్రం పాతూర్లో దెయ్యాల నడక. బూట్లు వేసుకుని రండి, టార్చి తెచ్చుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన దెయ్యం కథ ఒకటి గుర్తు చేసుకుని రండి. అది ఎక్కడ జరిగిందంటారో అక్కడే నిలబడి చెప్పాలి." దెయ్యం అనే మాట చూసి పిల్లలు ఊరుకుంటారా! పెద్దా చిన్నా కలిసి పదకొండు మందిమి తేలాం. రాత్రిపూట హంద్రీ ఒడ్డుకి పిల్లను తీసుకుపోతున్నావు, గాలి సోకుతుంది అని అత్తమ్మ నా బ్యాగులో ఒక నిమ్మకాయ పెట్టింది. నేనేం అనలేదు. ఆమె ప్రేమ అది.

మొదట కొండారెడ్డి బురుజు. రోజూ బస్సులోంచో ఆటోలోంచో చూసేదే, కానీ చీకటి పడే వేళ దాని కిందికి పోయి తల పైకెత్తి చూస్తే వేరుగా ఉంటుంది, గోడ మన మీదికి వంగుతున్నట్టు అనిపిస్తుంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టిన కోటలోది ఇది. కోటలో చాలా భాగాన్ని 1860ల్లో ఇంగ్లీషువాళ్లు కూలగొట్టించారు, మిగిలిన వాటిలో ఇదొకటి. అలంపురం పాలకుడు కొండారెడ్డిని పదిహేడో శతాబ్దంలో నవాబు ఇక్కడే బంధించాడని, లోపలే ప్రాణం పోయిందని చెప్తారు. దాంతో బురుజుకి కట్టించిన రాజు పేరు కాకుండా ఖైదీ పేరు నిలిచిపోయింది. ఇన్నేళ్లుగా ఆ పేరు పలుకుతున్నా ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

మా చిన్నప్పుడు బడి పిల్లలమంతా ఒకటే మాట, అమావాస్య రోజు బురుజులోంచి గొలుసుల చప్పుడు వస్తుందని. నా వంతు వచ్చినప్పుడు అదే చెప్పాను. ఇంకొకాయన అడ్డం వచ్చి, "లేదమ్మా, ఆయన సొరంగంలోంచి తప్పించుకుని పోయినాడు, ఆ సొరంగం తుంగభద్ర కింద నుంచి గద్వాల దాకా ఉంది, మా నాయన చెప్పేవాడు" అన్నాడు. కర్నూల్లో పుట్టినవాళ్లెవరికైనా ఆ సొరంగం మాట తెలిసే ఉంటుంది. మా పాప వెంటనే, "తప్పించుకుని పోయింటే దెయ్యం ఎట్లా అవుతాడు తాతా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. సార్ మాత్రం చాలా సంతోషపడ్డారు. "అదే పాపా, ఊరికి రెండూ కావాలి. చనిపోయినాడని ఏడవాలి, తప్పించుకున్నాడని సంబరపడాలి. అందుకే రెండు కథలూ ఉన్నాయి" అన్నారు.

అక్కడి నుంచి గేరీల్లోకి. (గేరి అంటే మా వైపు వీధి, బయటి ఊరి వాళ్ల కోసం చెప్తున్నా.) సందులు సన్నగా ఉంటాయి, బండి వస్తే గోడకి అతుక్కుని నిలబడాలి. కార్తీక మాసం కదా, ప్రతి గడప ముందూ దీపాలు. ఒక ఇంట్లో జొన్నరొట్టెలు తడుతున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. భయపడదామని వచ్చిన పిల్లలకి ఆ చప్పుడుతో భయం కాస్తా పోయి ఆకలి మొదలైంది. బొరుగుల బండి దగ్గర ఆగి తలా ఒక పొట్లం తీసుకున్నాం.

నదీ తీరానికి వచ్చేసరికి ఏడున్నర. కందనవోలు అనే పేరు ఎట్లా వచ్చిందో సార్ అక్కడ చెప్పారు. అలంపురం గుళ్లకి రాళ్లు మోసుకుపోయే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగేవట, ఇరుసులకి కందెన పూసుకోవడానికి. ఆ కందెన మీదుగానే కందనవోలు, అందులోంచి కర్నూలు. చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నదే, కానీ రాత్రిపూట ఆ ఒడ్డున నిలబడి వింటే నాకు బండివాళ్లు కళ్లకు కట్టారు. ఎద్దుల్ని విప్పి, మంట వేసుకుని, తెల్లారితే ఏరు దాటాలని ఎదురుచూస్తూ వాళ్లేం మాట్లాడుకునేవాళ్లు? దెయ్యాల గురించే అయి ఉంటుంది, ఇంకేముంటాయి ఆ చీకట్లో.

కొరివి దయ్యం కథ కూడా అక్కడే విన్నాం. చెప్పింది మా గుంపులో ఎలక్ట్రీషియన్ పని చేసే అన్న. వాళ్ల తాత ఏట్లో చేపలు పట్టేవాడట. రాత్రి ఇసుకలో దూరంగా ఒక మంట కనిపిస్తుంది, మనం దగ్గరికి పోయే కొద్దీ అది దూరం జరుగుతుంది, పిలిచినా పలకకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. "మరి మీ తాత చూసినాడా?" అంటే ఆ అన్న నవ్వి, "మా తాత లాంతరు చూసి ఊరోళ్లు భయపడేవాళ్లు, వాళ్ల లాంతర్లు చూసి మా తాత భయపడేవాడు" అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట అయిపోగానే అందరూ ఒకసారి అవతలి ఒడ్డు వైపు చూశారు, అది మాత్రం గమనించాను.

అక్కడి దాకా బాగానే ఉన్నా. తర్వాత సార్ మమ్మల్ని ఇంకో గేరిలోకి తిప్పారు, అది మా అవ్వ వాళ్ల గేరి. ఆ సంగతి ఆయనకి తెలియదు. నేనటు పోయి ఏళ్లయింది. వరద తర్వాత ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్లు ఎందుకో తాళం వేసి ఉంచారు. అరుగు అట్లాగే ఉంది. వసారా గోడ మీద సార్ టార్చి వేశారు. "ఇది చూడండి" అన్నారు.

తలుపు పైకమ్మికి కూడా జానెడు ఎత్తున ఒక గీత. గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా, దారం పట్టి గీసినట్టు. గీతకి పైన నీలిమందు కలిపిన పాత సున్నం రంగు ఇంకా ఉంది, కింద అంతా పెళ్లలు ఊడిపోయి మట్టి రంగు. వెంటిలేటర్ జాలీలో ఎండిపోయిన ఒండ్రు, దాంట్లో ఒక జొన్న సొప్ప ముక్క. ఎవరి చేనులోదో, ఏ ఊరి నుంచి కొట్టుకొచ్చిందో. పాప గోడకి ఆనుకుని చెయ్యి పైకెత్తి మునివేళ్ల మీద నిలబడింది, అయినా ఆ గీత దాని చేతికి ఇంకా చాలా పైనే ఉంది.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. ఇటు తుంగభద్ర, అటు హంద్రీ, రెండూ ఒకేసారి ఊరి మీద పడ్డాయి, కింద శ్రీశైలం డ్యాం నిండి ఉంది, నీళ్లు పోవడానికి దారి లేదు. నేనప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో కొత్తగా చేరాను. రెండు రోజులు ఎవరి ఫోనూ కలవలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ ఒంట్లో ఉంది, వాన ఎక్కువైతే చెయ్యి దానంతటదే ఫోన్ కోసం వెతుక్కుంటుంది. బస్సు దొరికి నేను వచ్చేసరికి నీళ్లు పోయాయి, మోకాలి లోతు బురద ఉంది, ఆ వాసన ఉంది. మా అవ్వ పట్టుచీరలు తీగ మీద ఆరేసి ఉన్నాయి, అన్నీ ఒకే రంగులో.

సార్‌ని ఒక మాట అడిగాను. చాలా రోజులుగా నా మనసులో ఉన్నదే, ఇవాళ బయటికి వచ్చింది. "సార్, ఈ పాతూర్లో ప్రతి బావికీ ఒక దెయ్యం ఉంది, ప్రతి చింతచెట్టుకీ ఉంది. వరదలో అంత మంది పోయినారు కదా, పదహారేళ్లయింది, వరద దెయ్యం కథ ఒక్కటీ నేను వినలేదు, ఎందుకని?"

ఆయన టార్చి ఆర్పేశారు. కాసేపాగి అన్నారు, "చూసినోళ్లు ఇంకా ఉన్నారు కదమ్మా. కొండారెడ్డి మొహం తెలిసినోళ్లు ఇప్పుడెవరూ లేరు, కాబట్టి గొలుసుల చప్పుడు అని చెప్పుకోగలం. వీళ్ల మొహాలు తెలుసు, పేర్లు తెలుసు, పొద్దున ఏం టిఫిన్ తిన్నారో కూడా తెలుసు. వాళ్లని దెయ్యం అనడానికి నోరు రాదు."

అక్కడ ఇంకెవరూ కథ చెప్పలేదు.

చివరికి హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ దగ్గర ఆగాం. కర్నూలుని ఏలిన మొదటివాళ్లలో ఒకడైన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, 1618లో కట్టింది. చీకట్లో గుమ్మటాలు మాత్రమే కనిపిస్తున్నాయి, గబ్బిలాలు అటూ ఇటూ ఎగురుతున్నాయి. హంద్రీకి అవతల జోహరాపురం చూపించి సార్ కర్నూలు ఆఖరి నవాబు గురించి చెప్పారు. గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేస్తున్నాడని 1839లో కంపెనీ సైన్యం వచ్చింది, ఆ అక్టోబర్లో జోహరాపురం దగ్గర యుద్ధం జరిగింది, నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి పంపేశారు, మరుసటి ఏడాదే అక్కడ సొంత నౌకరు చేతిలో కత్తిపోటుకి చనిపోయాడు. మొదటివాళ్లకి ఇంత పెద్ద గుమ్మటం, ఆఖరివాడు ఎక్కడో పరాయి ఊర్లో. పిల్లలు అప్పటికే అలసిపోయారు, ఎవరూ సరిగా వినలేదు, నాకు మాత్రం ఆయన గురించే బాధగా అనిపించింది. కనీసం ఒక దెయ్యం కథలో అయినా సొంత ఊరికి తిరిగి రాలేదు.

ఇంటికి వచ్చి, పాపకి అన్నం పెట్టి పడుకోబెట్టి, అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ నంద్యాల్లో తమ్ముడి దగ్గర ఉంటుంది. గీత ఇంకా ఉందని చెప్పాను. ఎప్పుడు వరద మాట ఎత్తినా, "పోనీలే, అయిపోయింది కదా" అని మాట మార్చే అమ్మ ఇవాళ మార్చలేదు.

ఆ రాత్రి మిద్దె మీద తొమ్మిది మంది ఉన్నారట. కరెంటు లేదు, కింద నీళ్ల హోరు. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలాయనకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేడు. అవ్వ పిట్టగోడ దగ్గర నిలబడి, "అన్నా, పైకి రా, అన్నా" అని అరుస్తూనే ఉందట, ఆయన "వస్తా, వస్తా" అని పలుకుతూనే ఉన్నాడట. నడిరాత్రి దాటాక పలకలేదు. అప్పటి నుంచి అవ్వ తెల్లారేదాకా మిద్దె మీద ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ భుజం తట్టి లెక్కపెడుతూ కూర్చుందట. తొమ్మిది, మళ్లీ తొమ్మిది. ఒకసారి పది వచ్చిందట.

"చీకట్లో ఎవరినో రెండుసార్లు తట్టింటుంది" అన్నాను.

"నేనూ అదే అన్నా" అంది అమ్మ. "లేదు, పదోది తడి భుజం అని చెప్పింది."

మాకు రోజుకొక దెయ్యం కథ చెప్పి అన్నం తినిపించిన మనిషి మా అవ్వ. వరద తర్వాత ఐదేళ్లు బతికింది, ఆ ఐదేళ్లలో ఒక్క కథ చెప్పలేదు. వయసు అయిపోయింది, ఓపిక లేదు అనుకునేదాన్ని.

అత్తమ్మ ఇచ్చిన నిమ్మకాయ ఇంకా బ్యాగులోనే ఉంది. హాల్లో లైటు ఈ రాత్రికి ఆర్పను.