నలభై ఏడేళ్ల మనిషి ర్యాప్

పొద్దున ఉప్పల్‌లో మెట్రో ఎక్కగానే అమెరికన్ ర్యాపర్ జే-జీ ఆల్బమ్ '4:44' పెట్టుకున్నాను. పది పాటలు, అన్నీ కలిపి 36 నిమిషాలు. మాదాపూర్ రాకముందే అయిపోయింది. 2017 జూన్ 30న వచ్చిన ఆల్బమ్ ఇది. వచ్చిన కొత్తలో తెగ విన్నాను, తర్వాత ఎందుకో పక్కన పడిపోయింది. ఇప్పుడు నా వయసు కూడా, ఆయన ఇది చేసినప్పటి వయసుకు దగ్గరపడుతోంది. అందుకేనేమో, కొన్ని పాటలు ఇదివరకటికన్నా లోతుగా తగిలాయి. కొన్ని మాత్రం చిరాకు పెట్టాయి.

అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. 1996లో మొదటి ఆల్బమ్, ఇది పదమూడోది. ర్యాప్‌లో ఆ వయసుకి చాలామంది పాతికేళ్ల కుర్రాళ్లలా ఊగుతారు, లేదంటే పాత హిట్లు పాడుకుంటూ ఊళ్లు తిరుగుతారు. ఈయన కూర్చుని తన తప్పుల చిట్టా విప్పాడు. మొదటి పాటలోనే తన స్టేజీ పేరుని ఎదురుగా నిలబెట్టి నిలదీస్తాడు: చిన్నప్పుడు సొంత అన్నని కాల్చింది నువ్వే, కాపురాన్ని పోగొట్టుకోబోయిందీ నువ్వే అని. గొప్పలు చెప్పుకోవడం మీదే నడిచే సంగీతంలో ఇలా మొదలుపెట్టడానికి గుండె కావాలి.

రైలు హబ్సిగూడ దాటేసరికి మూడో పాట 'స్మైల్' నడుస్తోంది. వాళ్లమ్మ గ్లోరియా కార్టర్ గురించి. ఆవిడ ఆడవాళ్లని ప్రేమించే మనిషి, ఏళ్ల తరబడి ఆ సంగతి దాచుకుని, నలుగురు పిల్లల్ని పెంచింది. కొడుకు ఆ విషయం లోకానికి చెప్పేస్తూ, అమ్మ సంతోషంగా ఉంటే చాలు అంటాడు. వెనకాల స్టీవీ వండర్ పాత పాట ముక్క తిరుగుతూ ఉంటుంది. చివర్లో ర్యాప్ ఆగిపోయి, ఆవిడే తన గొంతుతో తను రాసుకున్న కవిత చదువుతుంది, నీడలో బతకడం గురించి. ఏమాత్రం నాటకం లేని గొంతు. మెట్టుగూడ దగ్గర నా పక్కనావిడ కాస్త జరగమంటే కూడా వెంటనే వినపడలేదు నాకు.

ఇక ఆల్బమ్ పేరున్న పాట. తెల్లవారుజామున 4:44కి మెలకువ వచ్చి రాశానని ఆయనే చెప్పాడు. భార్య, గాయని బియాన్సేకి ద్రోహం చేసినందుకు చెప్పిన క్షమాపణ అది. ఆవిడ తన బాధని ముందు ఏడాదే, 2016లో, ఒక ఆల్బమ్ నిండా చెప్పేసింది కాబట్టి ఇది జవాబు కూడా. మగవాళ్ల క్షమాపణల్లో "ఏదో అలా జరిగిపోయింది" అనే మాట ఎక్కడో ఒకచోట దూరుతుంది. ఇందులో దూరలేదు. ఆడవాళ్ల కళ్లతో చూడటానికి తనకి కూతురు పుట్టాల్సి వచ్చిందని ఒప్పుకుంటాడు. రేపు పిల్లలకి తెలిస్తే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి అని భయపడతాడు. గాయని హానా విలియమ్స్ గొంతు మధ్యమధ్యలో లేస్తుంటే ఈయన స్వరం మాత్రం పెంచడు. నాకు ఈ ఆల్బమ్‌లో ఇదే అన్నిటికన్నా గొప్ప పాట. ఆవిడ ముందే బయటపెట్టింది కాబట్టి ఈయన ధైర్యం సగమే అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. అయినా ఇంత నేరుగా చెప్పినవాళ్లు ఎంతమంది?

మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా టీమ్ కుర్రాడికి ఇయర్‌ఫోన్ ఇచ్చి రెండు పాటలు వినిపించాను. "అక్కా, బీటే కొట్టట్లేదు కదా, నిద్రొస్తోంది" అన్నాడు. వాడితో కాసేపు గట్టిగానే వాదించాను. ఆల్బమ్ మొత్తానికి సంగీతం నో ఐ.డి. చేతి మీదుగానే జరిగింది. షికాగో మనిషి, ర్యాపర్ కాన్యే వెస్ట్‌కి గురువు లాంటివాడు. డ్రమ్స్ తగ్గించి, జే-జీకి ఇష్టమైన పాత సోల్ పాటల్ని కోసి, వాటిని ఇంకో పాత్రలా మాట్లాడించాడు. 'ది స్టోరీ ఆఫ్ ఓ.జే.'లో పాతతరం గాయని నీనా సిమోన్ గొంతు అలాగే వస్తుంది. అందులో ఒక చోటు మరీ ఇష్టం నాకు. నేను నల్లవాణ్ణి కాను, ఓ.జే.ని అని నల్లజాతి ఫుట్‌బాల్ స్టార్ ఓ.జే. సింప్సన్ అన్నాడని చెప్పుకునే మాటని జే-జీ తిరిగి పలికి, ఆగుతాడు. ఆగి, "ఓకే" అంటాడు, అంతే. డబ్బూ పేరూ వస్తే రంగు మరిచిపోతారనుకున్నవాడికి ఆ ఒక్క మాటలో సమాధానం చెప్పేశాడు.

కానీ కుర్రాడి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ఐదో పాట తర్వాత నడక మారదు. జే-జీ కాగితం మీద రాయడు, అంతా బుర్రలోనే కట్టుకుంటాడు. విషయం బరువుగా ఉన్నచోట ఆ మాట్లాడినట్టుండే తీరు అద్భుతంగా కుదిరింది. విషయం పలచబడ్డచోట బద్ధకంగా వినిపిస్తుంది. 'మూన్‌లైట్'లో కొత్త ర్యాపర్లంతా ఒకేలా ఉన్నారని పెద్దరికం చేస్తాడు. ఇంకో పాటలో, చనిపోయిన గాయకుడు ప్రిన్స్ ఆస్తి గొడవలో ఒక లాయరుని పేరు పెట్టి దులిపేస్తాడు. అమ్మ పాట పక్కనే అది ఎందుకో నాకు అర్థం కాలేదు. అమెరికాలో ఆస్తులన్నీ యూదులవే అన్నట్టు ఒక మాట కూడా అనేశాడు, దాని మీద విమర్శలొచ్చాయి, రావాల్సిందే. పొగుడుతున్నట్టు అన్నా, ఒక జాతిని ఒకే గాటన కట్టడం తప్పే.

అసలు పేచీ నాకు డబ్బు సలహాలతో. న్యూయార్క్‌లో డంబో అనే ప్రాంతంలో 20 లక్షల డాలర్లకి వచ్చే బిల్డింగ్ వదులుకున్నాను, ఇప్పుడది రెండున్నర కోట్లు అని వాపోతాడు. అచ్చం మా బాబాయే. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు కూడా అదే పాట: "సైబర్ టవర్స్ రాకముందు మాదాపూర్‌లో స్థలం చూపించార్రా తల్లీ, రాళ్లగుట్టలు ఎవడిక్కావాలి అన్నాను." 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, అప్పట్నుంచీ హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లో ఈ కథ ఒకటుంది. బాబాయి బాధ నాకు అర్థమవుతుంది, జే-జీదీ అర్థమవుతుంది. కానీ ఆ గుట్టలు కొట్టి, టవర్లు కట్టిన పాలమూరు కూలీలు స్థలం ఎందుకు కొనలేదని ఎవరైనా అడుగుతారా? జే-జీ పెరిగిన మార్సీ హౌసెస్ ప్రభుత్వం కట్టిన పేదల క్వార్టర్లు. అక్కడి కుర్రాళ్లకి 20 లక్షల డాలర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? నల్లవాళ్లకి అప్పులివ్వని చరిత్ర, ఇళ్లు అమ్మనివ్వని చరిత్ర ఆయనకి తెలియంది కాదు. అయినా పరిష్కారం దగ్గరికొచ్చేసరికి ఆస్తి కొను, కూడబెట్టు, పిల్లలకివ్వు అని తేల్చేశాడు. చివరి పాట కూడా కూతురు బ్లూ, "నాన్నా, వీలునామా అంటే ఏంటి?" అని అడగడంతోనే మొదలవుతుంది. పాటగా ముద్దుగానే ఉంది, దారిగా చూస్తే డబ్బున్నవాళ్లకే పనికొస్తుంది. తన తప్పు చెప్పుకున్నప్పుడు నూటికి నూరు పాళ్లు నమ్మాను, పక్కవాడికి సలహా చెప్పినప్పుడు నమ్మలేకపోయాను.

ఎనిమిది గ్రామీ నామినేషన్లొచ్చి ఒక్క అవార్డూ రాలేదు దీనికి. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ కెండ్రిక్ లామార్‌కి వెళ్లింది, నేనైనా అటే ఓటేసేదాన్ని. కానీ ఏ ఆల్బమ్ తిరిగి వింటావంటే ఇదే చెప్తాను. రేపు ఆ కుర్రాడికి 'స్మైల్', '4:44', పాత వీధుల్ని తలుచుకునే 'మార్సీ మీ' పంపిస్తాను, పడుకునే ముందు ఒక్కడే వినమని. 'మూన్‌లైట్' మాత్రం పంపను, వాడికి కోపమొచ్చి మిగతావి కూడా వినడు.