మూడు డీసీలు, రెండు చైన్లు, మళ్ళీ మూడు డీసీలు... ఇంతకీ ఎక్కడ?

"3 డీసీ, 2 చైన్, 3 డీసీ, నెక్స్ట్ స్పేస్‌లో." నేను అల్లుతున్న క్రోషే లేసు ప్యాటర్న్‌లో ఆరో రౌండ్ మొత్తానికీ ఉన్న వివరం ఇంతే. డీసీ అంటే డబుల్ క్రోషే అనే కుట్టు, చైన్ అంటే గొలుసులా అల్లేది, స్పేస్ అంటే కింది రౌండ్‌లో చైన్ల కింద మిగిలిన ఖాళీ. బ్రాకెట్ లేదు, ఫోటో దగ్గరగా తీసింది లేదు. మొదటి మూడు డీసీలూ మూడు కుట్లలో ఒక్కోటి వేసి, రెండు చైన్లు అల్లి, చివరి మూడూ స్పేస్‌లో వేయాలా, లేక ఆ బారెడు సరుకూ ఒక్క స్పేస్‌లోనే పట్టించాలా? డబ్బులిచ్చి కొన్న ప్యాటర్న్ ఇది, ఊరికే దొరికింది కూడా కాదు. రాసినవాళ్ళకి మెసేజ్ పెడితే చూసినట్టు కనిపిస్తోంది గానీ జవాబు లేదు.

మార్గశిరంలో లక్ష్మివారాలకి పీట మీద వేయడానికని గుండ్రటి లేసు గుడ్డ ఒకటి మొదలుపెట్టాను. మా రాయగడలో ఆ నెలంతా తెలుగిళ్ళలో లక్ష్మివారం పూజ, ఒడియా ఇళ్ళలో మాణబసా గురుబారం, రోజూ ఒకటే, అమ్మవారూ ఒకటే, కాకపోతే వాళ్ళు వడ్లు పోసిన మాణ, అంటే కొలపాత్ర, పెట్టి పూజ చేస్తారు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) నా చేతిలో నమూనా చూసి, మాణ కిందకి తనకీ ఒకటి కావాలంది. అంటే రెండు అల్లాలి, రెండూ ఒకేలా రావాలి, కాబట్టి అర్థంకాని చోట ఏదో ఒకటి వేసేసి సర్దుకుందాం అంటే కుదరదు.

వాక్యం అర్థం కానప్పుడు నేను ఆ వాక్యాన్నే పదిసార్లు చదవను, దాని చివర అంకె ఉందేమో చూస్తాను. చాలా ప్యాటర్న్లలో ప్రతి రౌండ్ చివరా మొత్తం ఎన్ని కుట్లు రావాలో రాస్తారు. దీంట్లో ఆరో రౌండ్ చివర "96 డీసీ, 16 స్పేస్‌లు" అని ఉంది. ఇక లెక్కే. నాలుగో రౌండ్‌కి 48 కుట్లు. ఐదో రౌండ్‌లో మూడు చైన్లు అల్లి, రెండు కుట్లు వదిలి, మూడో దాంట్లో సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టు, అలా చుట్టూ, అంటే ప్రతి మూడు కుట్లకీ ఒక గూడు (స్పేస్ అన్నది దీన్నే), 16 గూళ్ళు. ఆరో రౌండ్‌లో గూడుకి ఆరేసి డీసీలు వేస్తే పదహారార్లు 96. సరిపోయింది. పైగా ఐదో రౌండ్‌లో గూటికీ గూటికీ మధ్య ఉన్నది ఒక్క సింగిల్ క్రోషేనే, మూడు డీసీలు విడివిడిగా వేద్దామన్నా అక్కడ మూడు కుట్లు ఎక్కడివి? కాబట్టి మొత్తం ఒకే గూట్లోకి.

అంకె కూడా లేకపోతే ముందు రౌండ్ల నుంచి మనమే లెక్క కట్టుకోవాలి. డీసీతో చదునుగా పరుచుకునే గుండ్రటి గుడ్డకి మామూలుగా 12, 24, 36, 48 అని రౌండ్‌కి పన్నెండు చొప్పున పెరుగుతాయి. అంచు పైకి లేచి ముడుచుకుంటోందంటే కుట్లు తక్కువ పడుతున్నాయని, అలలు అలలుగా కుచ్చులు వస్తోందంటే ఎక్కువ పడుతున్నాయని. "3 చైన్, రింగ్‌లో 11 డీసీ" అని రాసి చివర 12 అని ఉందనుకోండి, మొదటి మూడు చైన్లూ ఒక డీసీ కింద లెక్క అని ఎవరూ చెప్పకపోయినా తెలిసిపోతుంది. "తర్వాతి 3 కుట్లలో 2 డీసీ" అనేది ఇంకో తలనొప్పి, "ఒక్కోదాంట్లో" అనే మాట ఎగిరిపోయి ఉంటుంది. మొత్తంలో ఆ మూడు కుట్ల చోట ఆరు వస్తున్నాయేమో చూసుకోవడమే.

అసలు డీసీ అంటే ఏ డీసీ అన్నది ముందే తేల్చుకోవాలి. అమెరికా వాళ్ళ డబుల్ క్రోషే పొడుగు కుట్టు, సూదికి దారం ఒకసారి చుట్టి అల్లేది. దాన్నే ఇంగ్లండ్ వాళ్ళు ట్రెబుల్ అంటారు. ఇంగ్లండ్ వాళ్ళు డబుల్ క్రోషే అనేది అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషే, పొట్టిది. అది తేల్చకపోతే గుడ్డ సైజే మారిపోతుంది. ఏ దేశం లెక్కో రాయనివాళ్ళు బోలెడంతమంది. ప్యాటర్న్‌లో ఎక్కడైనా సింగిల్ క్రోషే కనిపిస్తే అమెరికా పద్ధతి, హాఫ్ ట్రెబుల్ కనిపిస్తే ఇంగ్లండ్‌ది. కుట్టు వదిలెయ్యమనడానికి స్కిప్ అని రాసేది అమెరికా వాళ్ళు, మిస్ అని రాసేది ఇంగ్లండ్ వాళ్ళు. అవేవీ లేకపోతే రౌండ్ మొదట్లో ఎన్ని చైన్లు వేయమన్నారో చూడండి. పొట్టి కుట్టు ఎత్తుకి ఒక చైన్ చాలు, పొడుగుదానికి మూడు కావాలి. మూడు చైన్లు వేసి డీసీ మొదలుపెట్టమంటే అది అమెరికా డీసీయే.

ఇక చుక్క గుర్తు (*). చుక్క నుంచి మళ్ళీ అల్లమంటే పాటలో పల్లవికి తిరిగి వచ్చినట్టే, అందులో కష్టమేమీ లేదు. కష్టమంతా ఎన్నిసార్లు అన్న దగ్గర. "చుక్క నుంచి 5 సార్లు రిపీట్" అంటే ఒకసారి అల్లాక ఇంకో ఐదు, మొత్తం ఆరు. అదే బ్రాకెట్‌లో పెట్టి పక్కన "5 సార్లు" అంటే మొత్తమే ఐదు. పద్ధతి ఇదే గానీ రాసేవాళ్ళందరూ పాటించరు, కనుక మళ్ళీ అంకె దగ్గరికే రావాలి.

వీడియో చూసుకోవచ్చు కదా అంటుంది మా ఆడపడుచు. కొత్త కుట్టు నేర్చుకోవడానికి వీడియోని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ ప్యాటర్న్‌లో అర్థంకాని లైన్‌కి వీడియో ఏం చేస్తుంది, ఆ వేళ్ళు వేరే డిజైన్ అల్లుతుంటాయి. నాకైతే చార్ట్ ఉన్న ప్యాటర్న్ దొరికితే పండగే. చైన్‌కి కోడిగుడ్డు ఆకారం, కలపడానికి వేసే స్లిప్ స్టిచ్‌కి నల్ల బొట్టు, సింగిల్ క్రోషేకి చిన్న ఇంటూ గుర్తో ప్లస్సో, పొడుగు కుట్లకి ఇంగ్లీషు టీ అక్షరం. టీ కాడ మీద అడ్డగీత ఒకటుంటే దారం ఒకసారి చుట్టాలి, రెండుంటే రెండుసార్లు. జపాన్ పుస్తకాలు ఈ గుర్తుల మీదే నడుస్తాయి, ఆ భాషలో ఒక్క అక్షరం రాకపోయినా అల్లుకోవచ్చు. మావుసికి ఇంగ్లీషు రాదు, చార్ట్ ముందు పెడితే నాకంటే ముందు అల్లేస్తుంది. చార్ట్ లేని రోజున నేను కాగితం పట్టుకుని సణుగుతుంటే "కాగితం తర్వాత, ముందు గూళ్ళు లెక్కపెట్టమ్మా" అంటుంది. నరసాపురం వైపు మా పెద్దమ్మ అయితే కాగితమే చూడదు. అక్కడ లేసు అల్లేవాళ్ళలో ఆవిడ వయసువాళ్ళు చాలామంది నమూనా ముక్క చేతిలో పట్టుకుని, వెనక్కి తిప్పి చూసి, కుట్లు లెక్కపెట్టుకుని దింపేస్తారు. ప్యాటర్న్‌లో ఫోటో బాగుంటే నేనూ అదే చేస్తాను, ఫోన్‌లో పెద్దది చేసుకుని ఒక్క గూడు లెక్కపెడితే సగం సందేహాలు తీరతాయి.

చిన్న సలహా ఒకటి. 20 నంబర్ దారంతో, సన్న సూదితో అల్లేటప్పుడు అనుమానం ఉన్న రౌండ్ మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టండి. కుట్టు గుర్తుకి పెట్టే మార్కర్లు మా ఊళ్ళో దొరకవు, దొరికినా పిన్నీసు చేసే పనే చేస్తాయి.

ఆఖరి రౌండ్‌లో ఇంకో పేచీ మిగిలింది. "3 చైన్, స్లిప్ స్టిచ్, పీకో" అని ఉంది, పీకో అంటే అంచున వచ్చే చిన్న మొన, స్లిప్ స్టిచ్ ఎందులోనో లేదు. మూడు చైన్లలో మొదటిదాంట్లో వేసేవాళ్ళున్నారు, కింద ఉన్న డీసీ తలలో వేసేవాళ్ళూ ఉన్నారు. రెంటికీ కుట్ల లెక్క ఒకటే కాబట్టి ఇక్కడ అంకె సాయం చేయదు. డీసీ తలలో వేస్తే మొన బిగుతుగా నిలబడుతుందని నేను అలాగే అల్లుతున్నాను. మావుసి మాత్రం తన గుడ్డకి మొదటి చైన్‌లోనే వేయమంటోంది, మొన కాస్త గుండ్రంగా ఉండాలట. మిగతాదంతా ఒకేలా వచ్చాక ఇప్పుడీ మాట.