రెండు కిలోమీటర్లకే ఆగిపోయిన బండి

పోయిన ఆదివారం నాన్నగారి పాత 100 సీసీ బండి కార్బురేటర్‌ను (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) నేనే విప్పి శుభ్రం చేశాను. పనిలో పనిగా, ట్యాంకు మూత తాళం బిగుసుకుపోతోందని దానికి దండిగా గ్రీజు పట్టించాను. ఒక్క కిక్కుకే స్టార్టయింది. ఎంత సంతోషమో! తీరా రెండు కిలోమీటర్లు దాటగానే బండి తడబడి ఆగిపోయింది. పది నిమిషాలు నీడలో ఉంచితే నడిచింది, మళ్లీ ఆగింది.

అనుమానం కార్బురేటర్ మీదికే పోయింది. మళ్లీ విప్పాను. పెట్రోలును సన్నటి రంధ్రంలోంచి కొలతగా వదిలే మెయిన్ జెట్, పైలట్ జెట్ రెండింటినీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రాలు తేటగా ఉన్నాయి. లోపల పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు కూడా హాయిగా కదులుతోంది. సాయంత్రమంతా అందులోనే గడిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే పెరట్లో, పొయ్యికీ నిప్పుకీ దూరంగా, పెట్రోలు పైపును కార్బురేటర్ దగ్గర ఊడదీసి చివరను సీసాలో పెట్టాను. ట్యాపు తిప్పగానే ధార నిండుగా వచ్చింది. కాసేపటికి సన్నబడింది. ఆ తర్వాత చుక్కలే. ఏదో తోచి ట్యాంకు మూత తెరిచాను. గాలిని లోపలికి పీల్చుకున్న చప్పుడు, వెంటనే మళ్లీ నిండు ధార!

మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు దిగిన మేరకు పైనుంచి గాలి లోపలికి చేరాలి. లేకపోతే ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోలు కిందికి రాదు. బండి ఆగినప్పుడు గాలి కొంచెం కొంచెంగా చొరబడేది, అందుకే పది నిమిషాల తర్వాత నడిచేది. ఆ దారిని మూసింది నేను పూసిన గ్రీజే.

మూత ఊడదీసి, కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో తుడిచి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. తాళానికి ఈసారి ఒక్క చుక్క మిషను నూనె మాత్రమే వేశాను. నిన్న నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని 40 కిలోమీటర్లు తిరిగొచ్చాను, ఎక్కడా ఆగలేదు.