గుమ్మడికాయతో మొదలైన మా సముద్రయానం

నిన్ననే కాకినాడ నుంచి బెజవాడ వచ్చా. మంచం మీద పడుకున్నా ఒళ్ళింకా ఊగుతూనే ఉంది. వైజాగ్ నుంచి కాకినాడకి తెరచాప పడవలో సుమారు 75 నాటికల్ మైళ్ళు, అంటే 140 కిలోమీటర్లు, 16 గంటలు పట్టింది. నలుగురిలో తెరచాప తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా బామ్మర్దికీ, ఇద్దరు ఆఫీసు ఫ్రెండ్స్‌కీ మొదట్లో ఈత తప్ప ఏమీ రాదు. బయల్దేరేముందు అన్నీ నేనే నేర్పాల్సి వచ్చింది.

తాడు ముడులు వెయ్యడం రెండు సాయంత్రాల్లో వచ్చేసింది. ఆపదలో పిలవడానికి వీహెచ్‌ఎఫ్‌ రేడియోలో 16వ ఛానెల్, కోస్ట్‌గార్డు ఫోన్ నంబరు 1554, ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పేలా చేశా. కృష్ణలో ప్రాక్టీసుకి డింగీ, అంటే చిన్న తెరచాప పడవ, దింపుతామంటే అనుమతిచ్చే ఆఫీసులో ఇంజన్ నంబరు రాయమన్నారు. "ఇంజన్ లేదండీ, గాలితో పోద్ది" అంటే "అయితే రేపు రండి" అన్నారు. రేపటికి ఇంజన్ మొలుస్తుందా? మూడుసార్లు తిప్పారు.

అసలు పరువు పోయింది మాత్రం, నీళ్ళలో పడ్డ మనిషిని తీసే డ్రిల్లులో. మనిషి బదులు రైతుబజారులో బూడిద గుమ్మడికాయ కొన్నా, తేలితే సరిగ్గా తలంతే కనిపిస్తుంది. ప్రకాశం బ్యారేజీకి బాగా ఎగువన, భవానీ ద్వీపం దగ్గర దాన్ని విసిరి "మనిషి పడ్డాడు!" అని అరిచా. ఒకడు కొక్కెం కర్ర కోసం, ఒకడు తాడు కోసం, మా బామ్మర్ది వీడియో తీద్దామని ఫోన్ కోసం వంగారు. తలెత్తి చూస్తే కాయ లేదు. ఎలాగో వెతికి పట్టుకున్నాక చుక్కాని నేనే తీసుకుని, గోవాలో కోర్సు చేసొచ్చినవాణ్ణి కదా, గాలి వెనక నుంచి తోస్తుంటే నేరుగా దాని మీదికే పోనిచ్చా. పడవ ఆగితేగా! చెయ్యి చాపేలోపు దాటిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి పడవ అంచు తగిలి కాయ అవతలికి దొర్లింది. ఒడ్డున జనం ఈలలు. చివరికి అక్కడ వల వేసుకుంటున్న పెద్దాయన ఒకాయన కాయ ఎత్తి, తువ్వాలుతో తుడిచి మరీ అందించాడు.

"ఇదుగో బాబూ మీ మనిషి. గాలి వెనకేసుకుని వస్తే పడవ ఎక్కడాగుద్ది? గాలి పోయే వైపు కిందకి పోయి, గాలికి ఎదురొచ్చి అందుకో."

కోర్సులోనూ అదే చెప్పారు. పరీక్ష పాసయ్యా కూడా.

ఆ రోజు నుంచి ఒకడి పని వేలు చూపించడమే. కాయ మీంచి చూపు తిప్పకూడదు, తాడు ముట్టకూడదు. మిగతావాళ్ళు దానికి గాలివాలుగా దిగి, గాలికి ఎదురు తిరిగి, తెరచాప వదులు చేసి పక్కన ఆపాలి. మూడు ఆదివారాలు అదే పని. వీడియోలు చూపించి మనుషుల్ని తయారుచేశాం అనేవాళ్ళ పడవ నేనైతే ఎక్కను.

బ్యారేజీ వెనక నిలవ నీళ్ళు నేర్పలేనిది ఊపు. వాంతుల మాత్ర ముందు రోజు రాత్రే వేసుకోమంటే ఇద్దరు విన్నారు. మా బామ్మర్ది "నాకు ఘాట్‌రోడ్డులోనే రావు బావా" అని, బయల్దేరేముందు ఉప్మా పెసరట్టు రెండు లాగించి, వైజాగ్ డాల్ఫిన్స్ నోస్ కొండ కనుమరుగయ్యేలోపే మొత్తం సముద్రుడికి సమర్పించాడు. రాత్రి ఇద్దరిద్దరం మూడేసి గంటలు కాపలా, పడవకి తాడు కట్టుకున్నాకే పైకి రావాలి. ఎవరూ పడలేదు.

ఆ గుమ్మడికాయతో మా ఆవిడ వడియాలు పెట్టింది. నడిసముద్రంలో పెరుగన్నంలో నంజుకున్నవి అవే. మా బామ్మర్ది తప్ప.