హాస్కెల్ ఎడిటర్ కోసం మూడు వారాలు: నా అనుభవం

నిన్న సాయంత్రం ఐదు గంటలకు మా ల్యాబ్‌లోని 30 కంప్యూటర్లలో 26 మీద హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష ఫైళ్లు టైప్‌లు (ఏ పేరు ఏ రకం విలువను సూచిస్తుందో) చూపిస్తూ తెరుచుకున్నాయి. ఇంత చిన్న పనికి మూడు వారాలు పట్టింది కాబట్టి, ఆ చిరాకు చల్లారకముందే జరిగినదంతా రాసి పెడుతున్నాను.

శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నేను 18 ఏళ్లుగా సీ భాష బోధిస్తున్నాను. ఈ ఏడాది, ఫంక్షన్లను కలుపుకుంటూ ప్రోగ్రాములు రాసే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ కూడా, హాస్కెల్‌తో చెప్పమని నాకే అప్పగించారు. వేసవి సెలవుల్లో భాష నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్‌తో జీహెచ్‌సీ అనే కంపైలర్‌ను (రాసినదాన్ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్‌ను) దించుకోవడం, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో హాస్కెల్ ఎక్స్‌టెన్షన్‌ను చేర్చుకోవడం ఇంట్లో ఒక్క పూటలో అయిపోయాయి.

ఎడిటర్ నుంచి రంగులూ, సగం రాసిన పదాన్ని పూర్తి చేయడమూ తప్ప మరేమీ ఆశించని వాణ్ని నేను. హాస్కెల్‌లో అంతమాత్రం చాలదని రెండో రోజుకే తెలిసింది. ఈ భాషలో టైప్‌లను మనం చాలాచోట్ల రాయకపోయినా కంపైలర్ తనంతట తాను నిర్ధారించుకుంటుంది. అది ఏమని నిర్ధారించుకున్నదో పేరు మీద మౌస్ ఉంచగానే కనబడకపోతే, తప్పు జరిగిన చోటు ఒకటి, దోష సందేశం వచ్చే చోటు మరొకటి అయి గంటలు గడిచిపోతాయి. నన్ను నిజంగా లొంగదీసినది మాత్రం అండర్‌స్కోర్ (_). జీహెచ్‌సీ 7.8 వచ్చిన 2014 నుంచీ ఉన్న సౌకర్యమే ఇది. మార్కుల జాబితాలోంచి ఉత్తీర్ణులను వడకట్టే ఫంక్షన్ రాస్తూ, షరతు ఉండవలసిన చోట ఏమీ తోచక ఒక అండర్‌స్కోర్ పెడితే, ఇక్కడ పూర్ణసంఖ్యను తీసుకుని అవును, కాదు అని తేల్చే ఫంక్షన్ కావాలని ఎడిటర్ చెబుతుంది. అందుబాటులో ఉన్న పేర్లలో ఏవి సరిపోతాయో కూడా చూపుతుంది. రాసినదానికి తప్పులు పట్టే ఎడిటర్లను చాలా చూశాను గానీ, రాయనిదాని ఆకారం చెప్పేదాన్ని చూడడం అదే మొదలు. పిల్లలకు మొదటి తరగతిలో ఇదే చూపించాలని నిశ్చయించుకున్నాను.

ఆ మొదటి తరగతే నా పరువు తీసింది.

ల్యాబ్‌లో 60 మంది విద్యార్థులు, వెనక వరుసలో మా విభాగాధిపతి గారు ఉన్నారు. ప్రొజెక్టర్ మీద ఫైలు తెరిచి, ఇప్పుడు చూడండి అని ఘనంగా ప్రకటించి ఫంక్షన్ పేరు మీద మౌస్ ఉంచాను. ఏమీ రాలేదు. అండర్‌స్కోర్ పెట్టాను, దానికీ ఉలుకూ పలుకూ లేదు. కింద మూలన ఏదో చిన్న పెట్టె వచ్చింది గానీ, అదేదో అప్‌డేట్ గోల అనుకుని నేనే మూసేశాను. పావుగంట పాటు ఎడిటర్‌ను మూసి తెరుస్తూ చెమటలు కక్కాను. చివరకు విభాగాధిపతి గారు, "ఏమండీ మాస్టారూ, ఈ మాత్రం నోట్‌ప్యాడ్‌లో కూడా వస్తుంది కదా" అన్నారు. తరగతి మొత్తం నవ్వింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఏడు రోడ్ల కూడలిలో దిగడం కూడా మరిచిపోయాను.

ఆ రాత్రి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిదికి ఫోన్ చేస్తే, "ఈమ్యాక్స్ వాడుకోరాదా బావా, నీకెందుకీ మౌస్ సరదాలు" అని మరో ఎడిటర్ పేరు చెప్పి తేల్చేశాడు. తెలిసినవాళ్లు ఇచ్చే సలహాలు ఇలాగే ఉంటాయి. ఎడిటర్లు భాషా సర్వర్లతో మాట్లాడే పద్ధతిగా మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ పుణ్యమా అని, ఎడిటర్ ఏదైనా వెనక పనిచేసేది, టైప్‌లూ తప్పులూ దానికి అందించేది అదే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్ (హెచ్ఎల్ఎస్). అది పడుకుంటే ఈమ్యాక్స్ అయినా చేయగలిగేది లేదు.

అసలు కారణం మర్నాడు టెక్కలి నుంచి వచ్చే ఒక విద్యార్థి చెప్పాడు. "సార్, ల్యాబ్‌లో కంపైలర్ మరీ కొత్తది, సర్వర్‌కి అదింకా తెలీదు" అన్నాడు. ఆ సర్వర్ కంపైలర్‌నే తన కడుపులో మోస్తుంది; ఒక వెర్షన్ కంపైలర్ తయారుచేసిన లైబ్రరీ ఫైళ్లను మరో వెర్షన్ చదవలేదు కాబట్టి, ప్రాజెక్టు ఏ కంపైలర్ వాడుతుందో దానితోనే కట్టిన సర్వర్ ఉండాలి. ల్యాబ్ బాధ్యుడు సరికొత్తదే మంచిదని, అప్పుడే విడుదలైన కంపైలర్‌ను అన్నిటిలోనూ ఎక్కించాడు. జీహెచ్‌సీఅప్ జాబితాలో సర్వర్ తోడున్న ప్రతి వెర్షన్ పక్కనా 'హెచ్ఎల్ఎస్-పవర్డ్' అని రాసి ఉంటుంది. ఆ మాట చూసి ఎంచుకోవడం అర నిమిషం పని. కానీ ల్యాబ్ కంప్యూటర్ల ఉమ్మడి ఖాతా పాస్‌వర్డ్ ఆ బాధ్యుడి దగ్గరే ఉంది, అది ఇవ్వడానికి విభాగాధిపతి సంతకంతో అర్జీ కావాలన్నాడు. సంతకం తెచ్చాక తేదీ వేయలేదని తిప్పి పంపాడు. ఇలా తొమ్మిది రోజులు గడిచాయి. మీ కళాశాలలోనూ ఇలాంటి మహానుభావుడుంటే, కోర్సు మొదలుకావడానికి నెల ముందే అర్జీ పెట్టుకోండి, తేదీ మరవకండి.

ఆ తర్వాత వచ్చినవి చిల్లర చికాకులు. పెన్‌డ్రైవ్‌లలో పిల్లలు తెచ్చుకున్న పాత ఫైళ్లలో ట్యాబ్‌లు (ట్యాబ్ కీ నొక్కితే పడే ఎడం) ఉండేవి. వరుస ఎక్కడ మొదలైందో పట్టించుకునే హాస్కెల్ ట్యాబ్‌ను ఎనిమిది నిలువు వరుసలుగా లెక్కిస్తుంటే ఎడిటర్ నాలుగుగా చూపడం వల్ల, కంటికి తిన్నగా ఉన్న వరుసలు కంపైలర్‌కు వంకరగా కనబడేవి. ట్యాబ్‌లను ఖాళీలుగా మార్చమనడంతో అది తీరింది. టైప్ ప్రకటన లేని ఫంక్షన్‌పైన దాన్ని ఎడిటరే చూపి, ఒక్క క్లిక్‌తో చేర్చడం పిల్లలకు బాగా నచ్చింది. నాకు అంతగా నచ్చలేదు, దాన్ని ముందు చేత్తో రాయమంటాను.

సర్వర్ పలకకపోతే ఎందుకు పలకడం లేదో ఆ ఫైలు పైనే, మూయడానికి వీలులేనంత పెద్ద అక్షరాలతో చూపే ఎడిటర్ దొరికితే, మిగతా సౌకర్యాల్లో సగం వదులుకోవడానికి నేను సిద్ధం.

మిగిలిన నాలుగు కంప్యూటర్లలో మెమరీ 4 జీబీయే ఉండడంతో, సర్వర్ మొదలవగానే అవి బిగుసుకుపోతున్నాయి. అక్కడ కూర్చునే పిల్లలు ప్రస్తుతానికి, ఒక్కో వరుస టైప్ చేసి వెంటనే జవాబు చూసే జీహెచ్‌సీఐలో ఒక్కో పేరుకు టైప్ అడిగి తెలుసుకుంటున్నారు. మెమరీ పెంచమని నిన్ననే అర్జీ పెట్టాను, తేదీ వేశాను.