గోల్కొండ బందీఖానాలో ఒక మధ్యాహ్నం

నాన్నగారిని చూడనిచ్చేది ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు. ఆ మధ్య వేళంతా ఆసుపత్రి వరండాలో కూర్చోలేక మెహదీపట్నంలో గోల్కొండ బస్సెక్కాను. కోట దగ్గర నీళ్ల సీసాకు కూడా ముద్రించిన ధర కంటే ఎక్కువ అడిగారు. రోజూ మందుల చీటీలకు డబ్బు కడుతున్న నాకు ఆ కాస్త ఎక్కువే ఒళ్లు మండించింది.

బాలాహిసార్ దర్వాజా కింద గైడ్లు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నేను నేరుగా రామదాసు బందీఖానా వైపు నడిచాను.

ఎత్తైన గోడలు, గబ్బిలాల వాసన, పైకప్పులోని కంత నుంచి పడే వెలుతురు. తిండి కూడా ఆ కంతలోంచే దించేవారని చెబుతారు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు, శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడని తానీషా ఇక్కడ బంధించాడు. పన్నెండేళ్లని జనం మాట. గోడ మీది సీతారామలక్ష్మణుల, హనుమంతుడి బొమ్మలు ఆయన చెక్కినవేనంటారు.

వాటి ఎదుట ఒక పెద్దావిడ కూర్చుని పైకే మాట్లాడుతోంది. ముందు ఎవరితోనో ఫోనులో అనుకున్నాను. కాదు, రాముడితోనే. "మిర్చి తడిసిపోతుంటే ఎక్కడున్నావయ్యా? వడ్డీ నువ్వు కడతావా?" అని నిలదీస్తోంది. ఆమెది ఖమ్మం వైపట. నన్ను చూసి పక్కకు జరిగి, "నీకేం కష్టం తల్లీ?" అంది. చెప్పాను. "నాకెందుకు చెబుతావు? ఆయనకు చెప్పు. గట్టిగా అడుగు, ఏమీ అనుకోడు."

మా ఇంట్లో ప్రార్థన అంటే చేతులు కట్టుకుని, స్తోత్రం తప్పు లేకుండా చదవడం. ఆసుపత్రిలో ఆ స్తోత్రాలే సగంలో మరచిపోతూ, మరచినందుకు భయపడుతూ ఉన్నాను. కానీ గోపన్న అలా అడగలేదు. చింతాకు పతకం, పచ్చల పతకం, కలికితురాయి అంటూ తాను చేయించిన నగలన్నీ వరహాల లెక్కతో సహా రాముడికి ఏకరువు పెట్టాడు. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని తిట్టాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని ఆ వెంటనే క్షమించమన్నాడు. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం లేనివాడు అంత చనువుగా పోట్లాడడు. చిన్నప్పటి నుంచి ఆ కీర్తనలు పాడుతున్నాను. అవి జైలు గోడల మధ్య నుంచి వచ్చిన మాటలని అక్కడ నిలబడేదాకా నా ఒంటికి తెలియలేదు.

గైడు ఒకడు గుంపును తోలుకొచ్చి, రెండు ముక్కలు చెప్పి తీసుకుపోయాడు. పెద్దావిడ కదల్లేదు.

నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. సంచిలోని రశీదులు తీసి, తేదీ, మొత్తం, ఎవరి దగ్గర అప్పు తెచ్చానో వరుసగా రాముడికి చదివి వినిపించాను. పైకే చదివాను. చివరి రశీదు దగ్గర గొంతు పూడుకుపోతే ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, "ఇంకా ఉంటే అదీ చెప్పు" అంది.